అమావాస్యనాటి పోటు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ రజతోత్సవ సందర్భమున నేను ఏదైన కావ్యమును గూర్చి మాటలాడుదునని మీలో అనేకులు తలచియుందురు. నాకు అబ్బిన కొద్దిపాటి సాహిత్యము గురుముఖమున నేర్చినది కాదు. ఈ గ్రంథాలయపు బల్లయొద్ద కూర్చుండి, నిఘంటువు ప్రక్కనుంచుకొని కూడబెట్టుకొన్నది. ఐనను నేడు కావ్యమును ప్రక్కకుంచి, గురుత్వాకర్షణమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. అందుకు కారణము ఒక ప్రశ్న. ఆ ప్రశ్న నన్ను అడిగినవారు పండితులు కారు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక అమావాస్యనాడు సముద్రస్నానమునకై బంధువులతో పూడిమడక వెళ్ళితిని. తీరమున తెప్పప్రక్కన కూర్చుండి వల బాగుచేసికొనుచున్న ఒక వృద్ధ మత్స్యకారునితో మాటలు కలిసినవి. నా అలవాటు చొప్పున కవుల మాట ఎత్తితిని. చంద్రుడు పాలకడలిలో పుట్టినవాడు గనుక సముద్రునికి కుమారుడనియు, పున్నమినాడు నిండుబింబముతోనున్న కొడుకును చూచి తండ్రి ఉప్పొంగుననియు మన కవులు వర్ణింతురని చెప్పితిని. ఆయన వలమీదినుండి తల యెత్తకుండగనే ఇట్లనెను:

"బాగుంది బాబూ. పున్నమికి కొడుకుని సూసి పొంగుతాది. మరి అమాసకీ అంతే పొంగుతాది గదా! కొడుకు కనబడనినాడు ఏటి సూసి పొంగుతాదంటారు?"

"తాతా, అది నాకు తెలియదు" అంటిని.

"పుస్తకాల్లో సూసి సెప్పండి బాబూ. మేం ఆ పోటు సూసుకునే తెప్ప దించుతాం" అనెను.

లెక్కలు వ్రాసి బ్రతుకువాడను. ఒక పద్దు సరిపోయి, దాని జోడుపద్దు సరిపోకున్నచో లెక్క తప్పినట్లేయని నాకు తెలియును. పున్నమికి చెప్పిన కారణము అమావాస్యకు పనికిరానప్పుడు అది వర్ణనయే గాని కారణము కాదు. ఇందులో కవులను తప్పుపట్టుటకేమియు లేదు. వారు చూచినదానికి సొగసు కూర్చిరి. కారణము వెదకుట నా వంతు. సిగ్గుపడి ఈ గ్రంథాలయమునకు వచ్చి, ఒక పుస్తకమునుండి మరియొక పుస్తకమునకు పోవుచు, కొన్ని నెలలు ఆ ప్రశ్ననే పట్టుకొని తిరిగితిని. దొరికినదానిని మీ ముందుంచుచున్నాను.

భూమికి ఆకర్షించు శక్తి కలదను మాట మనకు క్రొత్తది కాదు. 1150లో రచింపబడిన సిద్ధాంతశిరోమణిలో భాస్కరాచార్యులు ఆ మాట చెప్పియున్నారు. అయితే ఆ శక్తి ఎంత, ఎంత దూరమునకు ఎంత తగ్గును అను లెక్కను 1687లో న్యూటను తన గ్రంథమున ప్రకటించెను. ప్రతి వస్తువును ప్రతి వస్తువును లాగుచున్నది. వస్తువులోని ద్రవ్యము రెట్టింపైన లాగుడు రెట్టింపగును. దూరము రెట్టింపైన లాగుడు నాలుగవ వంతగును. చెట్టునుండి రాలు కాయకును, ఆకాశమున తిరుగు చంద్రునికిని ఒకటే లెక్క. ఈ లాగుడునకు వెలుతురుతో పనిలేదు. చంద్రబింబము మనకు కనబడినను కనబడకున్నను దాని బరువు ఎక్కడికిని పోదు. తాత ప్రశ్నకు జవాబు ఇక్కడనే ఆరంభమగుచున్నది.

భూమికి చంద్రునివైపున్న సముద్రజలము చంద్రునికి దగ్గర. భూగర్భము అంతకంటె దూరము. అవతలివైపు జలము ఇంకను దూరము. మూడు బండ్లు ఒక త్రోవను వరుసగా పోవుచున్నవనుకొనుడు. ముందుబండి వేగముగను, నడిమిబండి ఒక మోస్తరుగను, వెనుకబండి నెమ్మదిగను నడచుచున్నవి. నడిమిబండిలో కూర్చున్నవానికి ముందుబండి తనను విడిచి ముందునకును, వెనుకబండి తనను విడిచి వెనుకకును పోవుచున్నట్లు కనబడును. అట్లే సముద్రము చంద్రునివైపునను, దానికి సరిగా వెనుకవైపునను ఉబ్బును. భూమి తిరుగుచుండగా మన తీరము ఆ రెండు ఉబ్బులను దాటవలసియుండును. అందుచేతనే దినమునకు ఇంచుమించు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటునకును మరియొక పోటునకును నడుమ సుమారు 12 గంటల 25 నిమిషములు. నేటి పోటుకంటె రేపటి పోటు ఇంచుమించు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చుటకు కారణము ఈలోగా చంద్రుడు కొంత ముందునకు జరుగుటయే.

సూర్యుని మాట యేమి? భూమిని చంద్రుడు లాగుదానికంటె సూర్యుడు సుమారు 180 రెట్లు ఎక్కువగా లాగుచున్నాడు. కాని పోటునకు కావలసినది మొత్తపు లాగుడు కాదు. ఇవతలి ఒడ్డున ఎంత, అవతలి ఒడ్డున ఎంత అను వ్యత్యాసము. చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరమున ఉన్నాడు. భూమి అడ్డుకొలత అందులో ముప్పదవ వంతు. సూర్యుడు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున ఉన్నాడు. భూమి అడ్డుకొలత అందులో పండ్రెండువేలవ వంతునకు దరిదాపు. అంత దూరమునుండి చూచువానికి మన రెండు ఒడ్డులును ఇంచుమించు ఒక్కటే. కావున పోటు పద్దులో సూర్యుని వాటా చంద్రుని వాటాలో సగమునకు కొంచెము తక్కువ.

అమావాస్యనాడు సూర్యచంద్రులు ఒకే వైపున నిలుతురు. పున్నమినాడు ఎదురెదురుగా నిలుతురు. ఉబ్బు రెండువైపుల వచ్చునని చెప్పుకొంటిమి గనుక, రెండు దినములలోను ఇద్దరి వాటాలును కలిసిపోవును. పోటు పెద్దదగును. మరుసటి సంవత్సరము పూడిమడక వెళ్ళినప్పుడు ఈ మాటయే తాతకు ఇసుకలో గీతలు గీచి చెప్పితిని. ఆయన కొంతసేపు చూచి, "అయితే అష్టమికి ఒకడు ఇటూ ఒకడు అటూ లాగుతారు. అందుకే పోటు సచ్చిపోతాది" అనెను. అష్టమి సంగతి నేను ఇంకను చెప్పలేదు. ఆయనయే కనుగొనెను. ఒక కారణము నిజమైనచో అది అడుగని ప్రశ్నకు గూడ జవాబిచ్చునని ఆనాడు నాకు తెలిసినది.

విశాఖపట్టణపు రేవులో అమావాస్య పున్నముల పోటునకును ఆటునకును భేదము సుమారు ఒకటిన్నర మీటరు లోపుగనే ఉండును. గుజరాతులోని ఖంబాతు సింధుశాఖలో తీరములు గరాటువలె ఇరుకై పోవుటచేత అది పది మీటర్లకు దరిదాపు అగును. కారణము ఒకటే యైనను పాత్రనుబట్టి నీటి ఎత్తు మారును.

ఈ పోట్లలో ఒక జమాఖర్చు గూడ కలదు. నీటి రాపిడిచేత భూమి భ్రమణము మిక్కిలి కొద్దికొద్దిగా మందగించుచున్నది. భూమి ఖాతాలో ఖర్చుపడినదానిలో కొంత చంద్రుని ఖాతాలో జమపడి, అతడు క్రమముగా మనకు దూరమగుచున్నాడు. 1969లో చంద్రునిపై దిగినవారు అక్కడ ఉంచి వచ్చిన అద్దముపైకి ఇక్కడినుండి లేసరు కిరణములను పంపి, అవి తిరిగివచ్చు కాలమునుబట్టి ఆ దూరమును కొలిచిరి. ఏడాదికి సుమారు 3.8 సెంటీమీటర్లు. చోడవరమునుండి సముద్రము కనబడదు. ఐనను మన శారదానది పోయి కలియు ఆ నీటిలో ఇంతటి లెక్క నడచుచున్నది.

ఇక ఆకర్షణశక్తి మనకు తక్కెడ యెట్లగునో చెప్పుదును. అనకాపల్లి మార్కెట్టులో బెల్లపు దిమ్మను కాటామీద పెట్టి తూచెదము. సూర్యుని ఏ కాటామీద పెట్టుదుము? సూర్యుని చుట్టు భూమి ఎంత దూరమున, ఎంత కాలములో తిరుగుచున్నదో తెలిసినచో, దానిని అట్లు తిప్పుటకు ఎంత లాగుడు కావలెనో లెక్క తేలును. ఆ లాగుడునుబట్టి బరువు తేలును. 1798లో కావెండిషు అను ఆంగ్లేయుడు సీసపు గుండ్ల నడుమనున్న అతి స్వల్పమైన ఆకర్షణను కొలిచి, భూమిని తూచుటకు దారి చూపెను. సంవత్సరకాలము మనకు తెలిసినదే. మిగిలినది సూర్యుని దూరము. దానిని సరిగా కొలుచుట చాలకాలము కష్టమై యుండెను.

అందుకు హేలీ పండితుడు 1716లో ఒక ఉపాయము చెప్పెను. అరుదుగా శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా ఒక నల్లని చుక్కవలె నడచును. బొటనవ్రేలిని ముఖమునకెదురుగా నిలిపి, ఒక కన్ను మూసి ఒక కన్ను తెరచి చూచినచో, వ్రేలు వెనుకనున్న గోడపై స్థానము మార్చినట్లు కనబడును. అట్లే భూమిపై దూరదూరములనున్న చోట్లనుండి చూచినచో ఆ చుక్క త్రోవ కొంచెము మారును. ఆ మార్పునుబట్టి దూరము తేలును. అందుకై భూగోళమున అనేక స్థలములలో ఒకేనాడు గడియారములు పట్టుకొని కూర్చుండవలెను.

అట్లు కూర్చున్న స్థలములలో ఒకటి మన విశాఖపట్టణము. ఈ సంగతి నేను యాభై ఏండ్లు దాటువరకు ఎరుగను. మీలో కొందరైనను ఎరుగకపోవచ్చును. గొడే వెంకట జగ్గారావుగారు 1817లో జన్మించిరి. వారు మద్రాసు వేధశాలాధిపతియైన టైలరుగారియొద్ద జ్యోతిశ్శాస్త్రమును అభ్యసించి, 1840 ప్రాంతమున విశాఖపట్టణములో, నేడు డాబాగార్డెన్సు అని పిలువబడు చోట, తమ స్వంత ధనముతో వేధశాలను నెలకొల్పిరి. 1856లో వారు గతించిన పిమ్మట అల్లుడైన అంకితము వెంకట నరసింగరావుగారు దానిని చేపట్టిరి. లండనులోని రాయల్ ఆస్ట్రొనామికల్ సొసైటీకి ఆయన సభ్యులైరి. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమును దాటినప్పుడు ఆయన విశాఖలో ఆ ఘట్టమును పరిశీలించిరి. ఆ ఒక్క పరిశీలనయే సూర్యుని తూచినదని చెప్పరాదు. లోకమున పలుచోట్ల వ్రాయబడిన పద్దులలో అదియొకటి. కాని పద్దులన్నియు చేరినగాని మొత్తము తేలదు. అట్లు శతాబ్దముల పరిశ్రమతో తేలిన మొత్తమేమనగా, సూర్యుని ద్రవ్యము భూమి ద్రవ్యమునకు సుమారు 3,33,000 రెట్లు.

ఇంత బరువు తన్ను తాను లోపలికి లాగుకొనుచుండగా సూర్యుడు కుప్పకూలడేల? లోపలి వేడిమి పుట్టించు ఒత్తిడి బయటికి త్రోయుచున్నది. ఆ రెండును సరితూగినంతకాలము నక్షత్రము నిలిచియుండును. ఆ వేడిమికి మూలము హైడ్రోజను హీలియముగా మారుట. ఈ హీలియమునకును మన ఆంధ్రదేశమునకును ఒక సంబంధము కలదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము గుంటూరు, మచిలీపట్టణముల మీదుగా సాగినది. ఫ్రాన్సు దేశీయుడైన జాన్సెను గుంటూరులో నిలిచి సూర్యుని అంచున లేచు జ్వాలల కాంతిని పరిశీలించెను. ఆనాటి పరిశీలకులు ఆ కాంతిలో చూచిన ఒక పసుపుగీత భూమిమీద అంతవరకు తెలిసిన ఏ మూలపదార్థమునకును చెందినది కాదని లాకియరు పండితుడు తేల్చెను. అదియే హీలియము. భూమిమీద అది 1895లో గాని దొరకలేదు. సూర్యుని కొలిమిలోని బూడిద మనకు మొదట సూర్యునియందే కనబడినదన్నమాట.

కొలిమి ఆరినచో ఏమగును? ఇక్కడ మరల తాత ప్రశ్న వచ్చుచున్నది. మృగవ్యాధుడు అను ప్రకాశవంతమైన నక్షత్రము తిన్నగా నడువక అటునిటు ఊగుచున్నదని, దానిని కనబడని తోడు ఏదియో లాగుచున్నదని 1844లో బెస్సెలు చెప్పెను. 1862లో ఆ తోడు దూరదర్శినికి చిక్కినది. భూమియంత పరిమాణములో సూర్యునియంత బరువు గల, కొలిమి ఆరిన నక్షత్రమది. అట్టి నక్షత్రము బరువునకు ఒక హద్దు కలదని 1930లో బొంబాయినుండి ఓడలో ఇంగ్లండునకు పోవుచు పందొమ్మిదేండ్ల సుబ్రహ్మణ్య చంద్రశేఖరు లెక్కవేసెను. సూర్యుని బరువునకు సుమారు 1.4 రెట్లు మించినచో అది ఆ స్థితిలో నిలువజాలదు. ఆనాడు పెద్దలు కొందరు ఆ మాటను ఒప్పుకొనలేదు. 1983లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చినది.

నిలువలేనిది ఇంకను కూలును. మిక్కిలి పెద్ద నక్షత్రమైనచో దాని గర్భము కృష్ణబిలముగా మారవచ్చును. భూమిని విడిచిపోవుటకు ఒక వస్తువునకు సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగము కావలెను. ఈ భూమి బరువునంతను ఒక రేగుపండంత చేసి నొక్కినచో, వెలుతురు వేగముగూడ చాలదు. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవు వెలుతురే బయటపడలేనిచో ఇక కనబడునది ఏమి? అయితే కృష్ణబిలము లోకమునంతను మ్రింగివేయునను భయము వలదు. సూర్యుని స్థానమున అంతే బరువుగల కృష్ణబిలమున్నచో మనకు చీకటియు చలియు కలుగును గాని, భూమి తన త్రోవను ఎప్పటివలెనే తిరుగుచుండును. లాగుడునకు కావలసినది బరువు, దూరము మాత్రమే.

మన పాలపుంత నడిబొడ్డు ధనూరాశి దిక్కున, సుమారు 26,000 కాంతిసంవత్సరముల దూరమున ఉన్నది. అక్కడ ఒక నక్షత్రము చీకటి చోటు చుట్టు సుమారు 16 ఏండ్లకొకసారి తిరుగుచున్నది. సూర్యుని తూచినట్లే ఆ చోటును తూచగా 40 లక్షల సూర్యుల బరువు తేలినది. ఆ పరిశోధనకు గెంజెలు, ఆండ్రియా గెజ్ అనువారికి 2020లో నోబెలు బహుమానములో భాగము లభించినది. 2022లో ఆ కృష్ణబిలపు నీడ చిత్రముగూడ ప్రకటింపబడినది. రెండు కృష్ణబిలములు ఢీకొని ఒకటైనప్పుడు ఆకాశదేశమునందే పుట్టిన అలలు 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని యంత్రములకు తగిలినవి. అవి బయలుదేరి 130 కోట్ల ఏండ్లైనది.

ఇప్పుడు నా వృత్తివాడు దాచిపెట్టరాని సంగతి ఒకటి చెప్పవలెను. సూర్యునికి దగ్గరగానున్న బుధుడు సెకనుకు 47 కిలోమీటర్లు పోవును. దూరపు నెప్ట్యూను 5 కిలోమీటర్లు దాటి కొంచెము పోవును. దూరమగుకొలది వేగము తగ్గవలెను. కాని 1970 తరువాత వేరా రూబిను మున్నగువారు నక్షత్రమండలములను కొలిచి చూడగా, అంచుననున్న నక్షత్రములును లోపలివాటి వేగముతోనే పోవుచున్నవి. కనబడు ద్రవ్యపు లాగుడు అందుకు చాలదు. లెక్క సరిపోవుటకు కనబడు ద్రవ్యమునకు ఐదురెట్లకు మించిన కనబడని ద్రవ్యము విశ్వమున ఉండవలెను. అదేమిటో నేటికిని ఎవరును తేల్చలేదు. మన భాషలో చెప్పవలెనన్న, అది అనామతు పద్దు. మొత్తము వ్రాసియున్నది. ఎవరిదో తెలియలేదు. తెలియనిదానిని తెలియదని అనామతులో వ్రాయువాడు నిజాయితీపరుడు. మొత్తమును సరిపెట్టుటకై పద్దును మాపివేయువాడు కాడు.

మహాశయులారా, సముద్రపు పోటునుండి నక్షత్రమండలముల అంచువరకు నేను చెప్పినది ఒకటే మాట. కనబడనిది గూడ లాగుచున్నది. దాని లాగుడును శ్రద్ధగా వ్రాసియుంచినవారికి అది చిక్కును. వ్రాయుట మానినచో చిక్కదు.

నరసింగరావుగారు 1892లో కీర్తిశేషులైరి. ఆ కుటుంబమువారు కొంతకాలము నడపినను, తరువాతి తరములలో ఆ వేధశాల నిలువలేదు. 2022లో మన ప్రాంతము అనకాపల్లి జిల్లాలోనికి వచ్చినది గాని, నేటికిని మనము పనులకై విశాఖ పోవుచునే యున్నాము. డాబాగార్డెన్సు మీదుగా ఎన్నిసారులు నడచితిమో! అక్కడ ఒకరు శుక్రుని కొలిచిరని మనకు చెప్పినవారు లేరు. ఒక ఇంటి ధనముతో, ఒక ఇంటి శ్రద్ధతో నడచిన సంస్థ ఆ ఇంటితోనే ఆగిపోవును. మన గ్రంథాలయము అట్టిది కాదు. ఇరువదియైదేండ్లుగా పదిమంది చందాలతో, పదిమంది పుస్తకదానములతో ఇది నిలిచినది. పదిమంది మానుకొన్నచో ఇదియు ఆగును. నేడు చదువగోరువారికి చేతిలోని ఫోనులో సమస్తము దొరకుననుట నిజమే. కాని ప్రశ్న తోచినవాడు వచ్చి కూర్చుండి, మరియొకరితో తర్కించి తేల్చుకొను చోటు మన యూరిలో ఇదియొకటే.

కావున కార్యవర్గమువారికి ఒక విన్నపము. ఈ బల్లమీద చందాదారుల పుస్తకము ప్రక్కన ఒక ప్రశ్నల పుస్తకమును ఉంచుడు. రైతు, విద్యార్థి, గృహిణి, ఎవరికి ఏ సందేహము తోచినను తేదీతో అందులో వ్రాయవలెను. చదివినవారు జవాబు దాని క్రిందనే వ్రాయవలెను. జవాబు దొరకనిదానిని కొట్టివేయక అట్లే ఉంచవలెను. ఆ పుస్తకమును నేను కొని తెచ్చితిని. మొదటి పుటలో పూడిమడక తాత ప్రశ్నను, దానిక్రింద ఆయనయే చెప్పిన అష్టమి జవాబును వ్రాసితిని. రెండవ పుట మీది.